బాప్తిస్మపు పుస్తకంలో సంధ్య పేరు

చిక్కడపల్లి,
9 జూన్ 2025.

అక్కకు,

ప్రభువు నీకూ బావకూ తోడుగా ఉండాలి. ఈ ఒక్క మాట మర్యాదకు రాశాను. మిగతాదంతా కోపంతో రాస్తున్నదే, కాబట్టి నిమ్మళంగా కూర్చుని చదువు.

పోయిన నెల మనం అరుచుకున్నప్పటి నుంచి నా నంబరు చూస్తే నువ్వు ఫోను పక్కన పెడుతున్నావని ఓదెలు బావే చెప్పాడు. అందుకే ఈ కాగితం.

నీ బిడ్డ సంధ్య ఆరు ఆదివారాలుగా చర్చికి రావడం లేదు. అశోక్ నగర్‌లో ఆమె ఉండే హాస్టలుకూ మా చర్చికీ మధ్య నడిస్తే పది నిమిషాలు. ఆరేళ్ళు పరీక్షలు రాసి రాసి ఇప్పుడు మండల పంచాయతీ అధికారిగా ఎంపికైంది. ఆ సంగతి తెలిసిన ఆదివారం నేను ప్రసంగం మధ్యలో ఆపి చెప్పాను. డెబ్బై మంది చప్పట్లు కొట్టారు. ఆమె పాటల బృందంలో పాడుతున్న ఫొటో ఒకటి వెతికి, "మన సంఘపు బిడ్డ, నా మేనకోడలు" అని రాసి గ్రూపులన్నింటిలో పెట్టాను. ఆ చప్పట్లు వినడానికి ఆమె మాత్రం లేదు.

మొన్న హాస్టలుకు వెళ్ళాను. ఆమె గదిలో ఉండే ఉదయశ్రీ కిందికి వచ్చింది. ఈ పిల్ల నీకు తెలియదు. మన కులపు పిల్లే, చర్చి మనిషి కాదు గానీ రెండేళ్ళుగా ప్రతి ఆదివారం సంధ్యతో వచ్చి మా దగ్గర అన్నం తినేది. "సంధ్యక్క పండుకుంది సార్" అంది. పగలు పదకొండింటికి! గడప దగ్గర సంధ్య చెప్పులున్నాయి. పైన ఆమె గొంతు కూడా వినబడుతోంది.

పేపర్లు నువ్వూ చదువుతున్నావు. ఎక్కడో ఒక చోట ప్రార్థన ఇంటి మీద గొడవ లేని వారం లేదు. మా గల్లీకీ ఇద్దరు వచ్చి మైకుకు పర్మిషన్ ఉందా అని అడిగి వెళ్ళారు. అంతే, మరుసటి ఆదివారానికి మా వాళ్ళు బళ్ళ మీది సిలువ స్టిక్కర్లు గోళ్ళతో గీకేసుకుని వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పేరు దాచుకునే విశ్వాసం విశ్వాసమే కాదని గంటసేపు మాట్లాడాను. తీరా నా మేనకోడలే దాక్కుంటోంది. ఉద్యోగం రాగానే మేనమామ చర్చి చిన్నదైపోయిందా? నువ్వు ఆమెకు ఏం చెప్పావో నాకు తెలియాలి.

నీ తమ్ముడు,
కరుణాకర్.

జమ్మికుంట,
16 జూన్ 2025.

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నాకూ ఇదే నయం. నోటితో చెబితే నువ్వు మధ్యలో అందుకుంటావు, కాగితం మీద అయితే చివరిదాకా వినక తప్పదు.

సంధ్యను చర్చికి పోవద్దన్నది నేను. సర్టిఫికెట్లు చూసే దినాలు దాటేదాకా ఆ గల్లీలో అడుగు పెట్టకు అని చెప్పింది నేను. ఆమె మీద కోపం ఆపి నా మీద పెట్టుకో.

ఆమె కులం సర్టిఫికెట్లో ఏముందో నీకు తెలియదా? హిందూ మాదిగ అని ఉంది. అందులో తప్పేముంది? మీ బావ ఏనాడూ చర్చి మెట్టు ఎక్కలేదు. బిడ్డకు తండ్రి కులమే వస్తుంది. నువ్వు పదేళ్ళ కిందట చేసిన పని ఒక్కటే అడ్డం. ఇంటర్ చదివించమని నీ ఇంట్లో వదిలితే, ఎండాకాలం సెలవుల్లో నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చి పంపావు. నౌకరీ వచ్చేదాకా ఆగరా అని నేను నీ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "రక్షణ నౌకరీ కోసం ఆగదు" అన్నావు. ఆ మాట నాకు ఇప్పటికీ అట్లాగే వినబడుతుంది.

ఇప్పుడు విను. మొన్న గురువారం నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు వలుస్తుంటే మండలాఫీసు మనిషి వచ్చాడు. సంధ్య క్రైస్తవురాలని, దొంగ సర్టిఫికెట్టుతో నౌకరీ కొట్టిందని ఎవరో పిటిషన్ వేశారట. దానితో పాటు ఫొటో ఉంది. ఏ ఫొటో అనుకున్నావు? నువ్వు పెట్టిందే. కింద నీ రాతతో సహా. పిల్లల ముందు నాకు తల కొట్టేసినట్లయింది.

నీకు చప్పట్లు కావాలి. ఎవరి కడుపు మీద కొట్టి తెచ్చుకుంటున్నావో చూసుకోవు.

మీ చర్చిలో బాప్తిస్మపు పుస్తకం ఉంది కదా. ఆ కాగితం చింపెయ్యి. ఇంకేం అడగను.

పత్తి గింజలు పెట్టాం. వాన లేదు.

సత్తవ్వ.

చిక్కడపల్లి,
21 జూన్ 2025.

అక్కా,

చింపను.

ఆ పుస్తకంలో నూట అరవై పేర్లున్నాయి. ఏ పేరూ నేను కనిపెట్టి రాసింది కాదు, ఒక మనిషి నలుగురి ముందు నిలబడి ఒప్పుకుంటే రాసింది. సంధ్య కూడా ఒప్పుకుంది. నేను మెడ పట్టి ముంచలేదు.

నీ కోపం నా మీద ఎందుకు? ఈ చట్టం మీద ఎందుకు లేదు? మాదిగ గుడికి పోతే మాదిగే. సిక్కు అయితే మాదిగే, బౌద్ధుడైనా మాదిగే. చర్చికి వస్తే మాత్రం కాదట. నీళ్ళలో మునిగి లేచేసరికి కులం కడిగినట్లు పోతుందట! మరి నాకెందుకు పోలేదు? ఇరవై ఆరేళ్ళుగా తెల్ల అంగీ వేసుకుని తిరుగుతున్నాను. మొన్న నారాయణగూడలో కిరాయికి ఇల్లు అడిగితే ఆ పెద్దమనిషి నా చేతిలోని గ్రంథం చూశాడు, నా మొహం చూశాడు, "అసలు ఏం కులపోళ్ళు మీరు?" అన్నాడు. ఆ ఇంటి యజమానికి తెలిసిన సంగతి సర్కారుకు తెలియదు. ఎస్సీల నుంచి మారినవాళ్ళకని బీసీ-సి కింద నూటికి ఒక్క ఉద్యోగం విడిచిపెట్టారు. ఆ ఒక్కదాని కోసం మేమంతా కొట్టుకు చావాలి.

పిటిషన్ ఎవరు వేశారో నాకు తెలిసిపోయింది. మా కమిటీ సెక్రటరీ రాఘవేందర్. సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి. తన కొడుకూ సంధ్యతో పాటే అదే పరీక్ష రాశాడు, రాలేదు. ఆ ఫొటో ఎప్పటిది, ఎక్కడిది అని నన్ను రెండుసార్లు అడిగాడు. నిన్నటి కమిటీలో అందరి ముందు లేచి అడిగేశాను. ముప్పై ఆరేళ్ళు హిందూ మాదిగనని సంతకం పెట్టి జీతం తిన్నవాడివి, ఒక ఆడపిల్ల మీద పిటిషన్ వేయడానికి చేతులెట్లా వచ్చాయని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన భార్య మనోరమ వెనకాలే వెళ్ళింది. పోనీ. నా చర్చిలో ఇద్దరు తగ్గినా ఫర్వాలేదు.

కరుణాకర్.

జమ్మికుంట,
30 జూన్ 2025.

తమ్ముడికి,

నువ్వు తిట్టింది వేరే మనిషిని.

మీ బావను ఆఫీసుకు పిలిచి పిటిషన్ చదివి వినిపించారు. కింద ఉదయశ్రీ పేరుంది. సంధ్య గదిలో ఉండే పిల్లే. జాబితాలో సంధ్య తర్వాతి పేరు ఆమెదేనట. సంధ్య పోతే ఆ ఉద్యోగం ఆమెకు వస్తుంది. నీ చేతి అన్నం తిని, నువ్వు పెట్టిన ఫొటో తీసుకుపోయి ఇచ్చింది. ఆ ముసలాయన దగ్గరికి పోయి తప్పయిందని చెప్పుకో.

ఇక నీ నీతి సంగతి. నీ టెన్త్ సర్టిఫికెట్, హాస్టలు కాగితాలు తీసి చూసుకో. హుజూరాబాద్‌లో సాంఘిక సంక్షేమ హాస్టలులో నీకు సీటు ఎట్లా వచ్చింది? నాయిన హెడ్‌మాస్టరు ముందు మెడలోని సిలువ తీసి జేబులో వేసుకుని, హిందూ మాదిగ అని సంతకం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను, నాకు పదమూడేళ్ళు. బయటికి వచ్చాక మళ్ళీ వేసుకోలేదు, ఇంటికి వచ్చేదాకా చేతిలోనే పట్టుకున్నాడు. ఆ సంతకంతో నువ్వు అన్నం తిన్నావు, చదివావు, అయ్యగారివి అయ్యావు. నన్ను ఏడో తరగతిలోనే మాన్పించారు. ఆ నీళ్ళు నీ మీద పడినప్పుడు లెక్కలేదు, నా బిడ్డ మీద పడితే పుస్తకంలో ఎక్కింది.

వచ్చే నెల ఇరవై రెండున విచారణ. బాప్తిస్మం అయిందా లేదా అని నిన్ను రాసివ్వమని అడుగుతారు. కాలేదు, పాటలకు వస్తుంది, అంతే అని రాయి. ఒక్క వాక్యం. ఆ పుస్తకం సంగతి తప్ప నేను నిన్ను ఈ పదేళ్ళలో ఏమీ అడగలేదు.

సత్తవ్వ.

చిక్కడపల్లి,
7 జూలై 2025.

అక్కా,

కాగితాలు తీసి చూశాను. నువ్వు చెప్పినట్లే ఉంది. నాయిన సంతకం కూడా ఉంది.

ఉదయశ్రీని కడిగేద్దామని శనివారం చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళాను. లోపల చోటు దొరకని పిల్లలు బయట మెట్ల మీద, చెట్ల కింద కూర్చుని చదువుతుంటారు. ఆమె గోడవారగా కూర్చుని ఉంది. నన్ను చూసి పారిపోలేదు, లేచి నిలబడింది. అన్నం పెట్టిన చేతినే కరిచావని, పొద్దున సంధ్య పక్కన కూర్చుని తిని సాయంత్రం పిటిషన్ రాశావని నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. చుట్టూ పిల్లలు తలెత్తి చూశారు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"పేరు దాసుకోవద్దని మీరే చెప్పిన్రు గద సార్. నేను దాసుకోలె. పేరు రాసే ఇచ్చిన. నేను గూడ మాదిగోళ్ళ పిల్లనే. మా అమ్మ కూలికి పోతది. కానూన్ ప్రకారం ఆ పోస్టు ఎవలది సార్, మీరే చెప్పున్రి."

సంధ్యది అందామంటే బాప్తిస్మం ఇచ్చింది నేను. ఉదయశ్రీది అందామంటే నోరు రాలేదు. ఆమె మీద కోపంతో వెళ్ళి, కోపం అట్లాగే పట్టుకుని తిరిగి వచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇద్దరు మాదిగ పిల్లలు ఒక్క కుర్చీ కోసం కొట్టుకునేలా చేసినవాడు ఎవడో, వాడు ఎక్కడా కనిపించడు.

రాఘవేందర్ ఇంటికి కవాడిగూడ వెళ్ళాను. మనోరమమ్మ తలుపు సగం తెరిచి, ఆయన ఇంట్లో లేరంది. లోపల దగ్గు వినిపించింది. సంధ్య నా మొహం చూడదు, ఇప్పుడు ఈయన కూడా.

విచారణకు నన్నూ పిలిచారు. కాగితం ముందే పంపాలట. నేను రాయవలసింది రాసి పంపుతాను. ఏం రాస్తావని మళ్ళీ అడగకు. అది నాకూ ప్రభువుకూ మధ్య విషయం.

కరుణాకర్.

జమ్మికుంట,
12 జూలై 2025.

నీకూ ప్రభువుకూ మధ్య నా బిడ్డ ఎక్కడుంది?

అర్థమైంది. నీ సత్యం నువ్వు రాసుకో. విచారణకు నేను రాను, నువ్వు ఉండే చోట కూర్చోలేను. మీ బావ వస్తాడు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

చిక్కడపల్లి,
28 జూలై 2025.

అక్కా,

రాయొద్దన్నావు. ఇది చదివిన తర్వాత చింపేసినా సరే, కానీ చదువు.

విచారణ నాడు ఓదెలు బావ బయట బెంచీ మీదే ఉన్నాడు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలియదు. బిడ్డ నిజం చెప్పేసిందని, ఉద్యోగం పోయిందని మాత్రమే నీకు చెప్పి ఉంటాడు. నేను సత్యం రాసి పంపినందువల్లే ఆమె ఇరుక్కుందని నువ్వు అనుకుంటూ ఉంటావు. నేను సత్యం రాయలేదు. సంధ్యకు బాప్తిస్మం కాలేదని, పాటలకు మాత్రమే వస్తుందని, నువ్వు చెప్పిన వాక్యమే చర్చి కాగితం మీద రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి పంపాను. నువ్వు అడిగావని కాదు. నాయిన సంతకం చూసిన తర్వాత నాకు ఇంకో దారి కనిపించలేదు. నీకు ముందే చెప్పకపోవడం పొగరు. అబద్ధం రాస్తున్నానని అక్కకు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

ఆఫీసరు ఆడమనిషి. సంధ్యను ఎదురుగా కూర్చోబెట్టి, నన్ను గోడ దగ్గర నిలబెట్టి, నా కాగితం ఆమె ముందు పెట్టింది. నీకు బాప్తిస్మం కాలేదని మీ మేనమామ రాసిచ్చాడు, అంతేనా అని అడిగింది. అవునంటే అయిపోయేది. ఆఫీసరు కూడా అదే అనమన్నట్లు చూసింది.

సంధ్య కాగితం చదివింది. రెండోసారి కూడా చదివింది.

"దస్కత్ మామయ్యదే మేడం. రాసింది అబద్ధం. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయననే."

ఉద్యోగం పోతుందని తెలుసా అని ఆఫీసరు అడిగింది. తెలుసంది. మరెందుకు చెబుతున్నావంది.

"ఆరేండ్ల సంది పరీక్షలు రాస్తున్న మేడం. ఒక్క జవాబు గూడ కాపీ కొట్టలె. దీనికెందుకు కొట్టాలె?"

ఆఫీసరు నా కాగితాన్ని ఫైలులో పెట్టలేదు. నా వైపు జరిపి, "పెద్దమనిషివి, ఇది నువ్వే తీస్కపో" అంది. తీసుకున్నాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం సంధ్య చూసింది.

వరండాలోకి వచ్చాక ఆమెను ఆపాను. ఎందుకమ్మా ఇట్లా చేశావని అడిగాను. అక్కా, ఆమె అంత కోపంగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"నిన్ను ఇండ్ల ఇరికియ్యొద్దనే మూడు నెలల సంది నీ చర్చికి రాలే మామయ్య. నేను కనబడకపోతే నిన్ను ఎవ్వరు అడగరు, నువ్వు అబద్ధం ఆడే పని పడదు అనుకున్న. నువ్వేమో నా ఫొటో ఊరంత పంచినవ్. ఇప్పుడు అబద్ధం గూడ ఆడినవ్. అమ్మ నన్ను అడగలే. నువ్వు నన్ను అడగలే. మీ ఇద్దరు కొట్లాడుకునేది నా గురించి, నన్ను తప్ప అందరిని అడుగుతరు."

అట్లా అని బావ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కి వచ్చేశాను.

నిన్న ఆదివారం ఆ కాగితాన్ని చర్చిలో చదివాను. ఇది నేను రాసిన అబద్ధమని, పేరు దాచుకోవద్దని మీకు గంటసేపు చెప్పిన నోటితోనే, అదే చేత్తో రాశానని చెప్పాను. రాఘవేందర్ మీద వేసిన నింద కూడా అబద్ధమని పేరు పెట్టి చెప్పాను. ఆయన నెల తర్వాత వచ్చి చివర్లో కూర్చున్నాడు. నన్ను ఉంచుకుంటారా పంపిస్తారా మీరే తేల్చండని కమిటీని అడిగాను. అప్పుడు రాఘవేందర్ లేచాడు.

"అయ్యగారు, మీరు ఒక్కపాలి రాసిన్రు. నేను ముప్పై ఆరేండ్లు దస్కత్ పెట్టిన. ఈడ కూసున్నోళ్ళల్ల సగం మంది ఇంట్ల అదే కాయితం ఉన్నది. మిమ్ముల పంపిస్తే మమ్ముల ఎవలు పంపియ్యాలె?"

నన్ను క్షమించి అన్న మాట కాదది. ఆయన గొంతులో నా మీద కోపం అట్లాగే ఉంది. కూర్చున్నవాళ్ళు తలలు దించుకున్నారు. అంతమంది పెద్దవాళ్ళు ఒకేసారి నేల చూడడం నాకు భరించరానిదిగా అనిపించింది. కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు.

నా అబద్ధం నా తప్పు. నీ మాట వినకుండా ఆ పిల్లను తొందరపెట్టి ముంచడమూ నా తప్పే. ఆమెకు పదిహేడేళ్ళు, నా ఇంట్లో నా అన్నం తింటోంది, కాదనే ధైర్యం ఎక్కడుంటుంది? మెడ పట్టి ముంచలేదని నీకు రాశాను. అంతకంటే తక్కువేమీ చేయలేదు. కానీ ఇంతమంది మంచివాళ్ళకు దొంగ బతుకు అంటగట్టిన ఆ చట్టం మీద మాత్రం నా కోపం తగ్గలేదు. తగ్గనివ్వను కూడా.

నీకు తమ్ముడు లేడనుకుంటే లేడు. నాకు మాత్రం అక్క ఉంది.

కరుణాకర్.

జమ్మికుంట,
6 ఆగస్టు 2025.

తమ్ముడికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు నా బిడ్డ కోసం అబద్ధం రాశావంటే నేను నమ్మలేదు. సంధ్యను పిలిచి అడిగాను. ఔనంది. ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే అంటే, "మామయ్య చెప్పుకోవాల్సింది మామయ్యనే చెప్పుకోవాలె" అంది. నేను వారం రోజులు నిన్ను శాపనార్థాలు పెడుతుంటే పక్కనే కూర్చుని బియ్యం ఏరింది గానీ నోరు విప్పలేదు. ఎవరి పోలికో.

నా కోపం పోయిందనుకోకు. పదేళ్ళ కిందటి దానికి నిన్ను ఇంకా మాఫీ చేయలేదు. నన్ను అడగలేదని సంధ్య అన్న మాట నాకూ తగిలింది, అందుకు నా మీద నాకూ కోపంగానే ఉంది. ఉదయశ్రీకి ఆర్డరు వచ్చిందట. ఫోన్ చేసి ఏడ్చిందట. నా బిడ్డ ఏమందో తెలుసా? పోయి మంచిగా చేసుకో అంది. నేనైతే అనేదాన్ని కాదు.

ఇంటికి వచ్చిన మొదటి వారం సంధ్య అన్నం ముందు కళ్ళు మూసుకోలేదు. నేను అడగలేదు. మొన్న మూసుకుంది. అప్పుడూ అడగలేదు. మీ బావ మాత్రం ఆమె కళ్ళు తెరిచేదాకా ముద్ద పట్టుకుని ఆగాడు. నిన్ను చూసి కూడా ఏనాడూ ఆగని మనిషి.

పని సంగతి చెబుతాను. పాత సర్టిఫికెట్ రద్దయింది. కొత్తది తీసుకుని మళ్ళీ పరీక్ష రాస్తానంది. నిన్న మండలాఫీసుకు పోయి దరఖాస్తు నింపింది. మతం అన్న చోట క్రైస్తవం అని రాసింది, కులం అన్న చోట మాదిగ అని రాసింది. ఈ రెండూ ఒక్క కాగితం మీద కుదరవని అక్కడి క్లర్కు అన్నాడు. చర్చోళ్ళు అయితే బీసీ-సి అని రాయాలి, మాదిగ అని ఉంచుకోవాలంటే క్రైస్తవం కొట్టెయ్యాలి, ఏదో ఒకటి కొట్టెయ్యమ్మా అని పెన్ను చేతికిచ్చాడట. రెండూ నేనే, ఏది కొట్టెయ్యాలె అని అడిగిందట. అట్లా అడిగితే పని కాదని ఆయన అన్నాడు. ఈమె కొట్టెయ్యలేదు. ఆయన తీసుకోలేదు. కాగితం అక్కడే బల్ల మీద పెట్టి వచ్చింది.

పద్దెనిమిదో తారీఖు, సోమవారం, పెద్ద సారు ఉంటాడట. మళ్ళీ పోతానంటోంది. అదే కాగితం, అట్లాగే. పని కాదని ఆమెకూ తెలుసు. ఈసారి నేను పోతున్నాను, మీ బావ కూడా వస్తానన్నాడు.

నువ్వు రావాలా అని నేను ముందే సంధ్యనే అడిగాను. రమ్మను, కానీ అక్కడ ఏం మాట్లాడొద్దని చెప్పు అంది. నేనే మాట్లాడుకుంటా అంది.

ఆదివారం మీ కూడిక అయినంక బస్సెక్కితే చీకటి పడకముందే చేరుతావు. ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు.

సత్తవ్వ.